ట్యాంకు రంగు ఏదో పిల్లలనే తేల్చనివ్వండి

ఇంట్లో స్కేల్ మోడల్ ట్యాంకు కిట్ కొనిచ్చిన తల్లిదండ్రులకు ఒక విషయం తెలిసే ఉంటుంది. ముక్కలు అతికించడం రెండు మూడు సాయంత్రాల పని. అసలు చిక్కు రంగు దగ్గర వస్తుంది. శత్రువు కంట పడకుండా ట్యాంకుకు వేసే కామోఫ్లాజ్ రంగులు ఏ దేశంలో, ఏ ఏడాదిలో, ఏ యుద్ధరంగంలో ఎలా ఉండేవో పిల్లలు వెతకడం మొదలుపెడతారు. వారం గడిచినా రంగు డబ్బా మూత తియ్యరు. మనకు ఓపిక నశించి, "ఏదో ఒక ఆకుపచ్చ వేసెయ్, ఎవరు చూడొచ్చారు?" అంటాం. దయచేసి ఆ మాట అనకండి. కిట్‌కు మీరు పెట్టిన డబ్బుకు అసలు ఫలితం ఆ వారంలోనే ఉంది.

మన పిల్లలు రోజూ చేసే ప్రశ్నలకు నాలుగు ఆప్షన్లుంటాయి. వాటిలో ఒకటే సరైనది. వెనక పేజీలో కీ ఉంటుంది. శ్రీనగర్ కాలనీ నుంచి అమీర్‌పేట దాకా వెళ్తూ చూస్తే కోచింగ్ బోర్డులన్నీ ఆ నేర్పునే అందిస్తామంటాయి. పోటీ పరీక్షకు అది కావాలి, కాదనను. కానీ కీ లేని ప్రశ్న ఎదురైతే ఏం చెయ్యాలో కూడా పిల్లలకు అలవాటు కావాలి కదా. ట్యాంకు రంగు అలాంటి ప్రశ్న.

ఒక ఉదాహరణ చూడండి. 1940 డిసెంబరులో ఈజిప్టు ఎడారిలో నాలుగో భారతీయ డివిజన్ సైనికులు ఇటలీ సేనల నిబేవా శిబిరం మీద దాడి చేశారు. వారికి తోడుగా వెళ్లినవి బ్రిటిష్ మటిల్డా ట్యాంకులు. ఆ కాలంలో ఎడారిలోని బ్రిటిష్ ట్యాంకులకు స్కేలు పెట్టి గీసినట్టు వాలుగా మూడు రంగుల పట్టీలు వేసేవారు. ఒక బ్రిగేడియర్ పేరు మీద దాన్ని కాంటర్ స్కీమ్ అంటారు. ఆ మూడింటిలో ఒకటి లేత నీలమని మోడల్ చేసేవారు చాలా ఏళ్లు నమ్మారు. మ్యూజియంలోని మటిల్డా మీద కూడా నీలమే ఉండటంతో అనుమానం రాలేదు. తర్వాత నాటి సైనిక ఉత్తర్వులను, బ్రిటిష్ స్టాండర్డ్ రంగుల పట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు పేర్లు దొరికాయి: పోర్ట్‌లాండ్ స్టోన్, సిల్వర్ గ్రే, స్లేట్. అందులో నీలం ఊసే లేదు. సిల్వర్ గ్రే అంటే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిద రంగు. మ్యూజియంలో చూసినదాన్ని కూడా సరిచూసుకోవాలని ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంతకన్నా బాగా ఎలా చెప్పగలం?

పాత ఫోటోలు ఉన్నాయి కదా అంటారేమో. వాటిలో ఎక్కువ భాగం నలుపు తెలుపువి. పైగా ఆ రోజుల్లో వాడిన ఒక రకం ఫిల్ముకు ఎరుపు దాదాపు కనిపించదు. ఎర్రటి వస్తువు నల్లగా, నీలం వస్తువు తెల్లగా పడుతుంది. ఫోటోలో రంగు ఎలా పోతుందో ఇంట్లోనే చూపించవచ్చు. ఒక పండుమిరపకాయ, ఒక ముదురు పచ్చిమిరపకాయ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి, నలుపు తెలుపులోకి మార్చండి. ఏది పండుదో చెప్పమని మరొకరిని అడగండి. చాలాసార్లు రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి.

పోనీ, సైనిక ఉత్తర్వు దొరికితే చాలా? అదీ చాలదు. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం ట్యాంకులకు మూల రంగుగా ముదురు పసుపు వెయ్యాలని ఆదేశించింది. దాని మీద వేసుకోవడానికి ఎర్రటి గోధుమ, ఆలివ్ ఆకుపచ్చ రంగులను చిక్కటి ముద్దగా దళాలకు పంపింది. నీళ్లో పెట్రోలో పోసి పలచన చేసుకుని సిబ్బందే వేసుకునేవారు. ఎంత పోశారో, ఎలా పూశారో దాన్ని బట్టి ఒకే రంగు రెండు ట్యాంకుల మీద రెండు రకాలుగా తేలేది. ఆ పైన ఎండ, వాన, దుమ్ము. ఉత్తర్వు చెప్పేది ఏం జరగాలో. ఏం జరిగిందో వేరే వెతుక్కోవాలి.

సెలవులకు విశాఖపట్నం వెళ్తే బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర నిలబెట్టిన ట్యాంకును చూపించండి. ఫోటో దిగి వచ్చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇప్పుడు దాని మీదున్న రంగు ఎప్పటిది అయ్యుంటుంది? సముద్రపు గాలిలో నిలబెట్టిన ఇనుముకు మళ్లీ మళ్లీ రంగు వెయ్యక తప్పదు. కాబట్టి ట్యాంకు ఆకారాన్ని నమ్మవచ్చు, రంగును అంతగా నమ్మలేం. ఒకే వస్తువు ఒక విషయంలో మంచి సాక్ష్యం, ఇంకో విషయంలో బలహీనమైన సాక్ష్యం కావచ్చని పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

యుద్ధం బొమ్మలతో చదువేమిటని కొందరు తల్లులు అడుగుతారు. ఆ బెంగ న్యాయమైనదే. అయితే రంగు వెతికే పిల్లవాడు తేదీ దగ్గరికి, ఊరి దగ్గరికి, చివరికి మనిషి దగ్గరికి వెళ్తాడు. 1971 డిసెంబరు 16న బసంతర్ యుద్ధంలో తన సెంచూరియన్ ట్యాంకులోనే ప్రాణాలు విడిచిన పరమవీర చక్ర గ్రహీత సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ వయసు 21 ఏళ్లు. ఆ రోజు ఆ ట్యాంకు ఎలా ఉందో తెలుసుకోవాలని చదివినవాడికి యుద్ధం వీడియో గేములాగా కనిపించదు.

మీరు చెయ్యాల్సింది కొంచెమే. ఒక నోట్‌బుక్ ఇవ్వండి. ప్రతి రంగుకూ ఎక్కడ చూశారు, అది ఏ ఏడాదిది, ఎవరు చెప్పారు అని రాయమనండి. చివర 'ఖాయం', 'బహుశా', 'ఊహ' అనే మూడు మాటల్లో ఒకటి పెట్టమనండి. ఒకే ఫోటోను పది చోట్ల చూసినా అది ఒక సాక్ష్యమే అని గుర్తుచెయ్యండి. వెతకడానికి గడువు పెట్టండి. గడువు అయ్యాక ఉన్నంతలో ఒక నిర్ణయం తీసుకుని రంగు వెయ్యనివ్వండి. జవాబు మీకు తెలిసినా చెప్పకండి, డబ్బిచ్చి తయారు చేయించిన మోడల్ తీసుకురాకండి.

స్కూలుకు కూడా ఒక విన్నపం. ప్రదర్శనలో మోడల్ పక్కన ఆ నోట్‌బుక్ పేజీని పెట్టనివ్వండి. సగం మార్కులు దానికే ఇవ్వండి. మోడల్ నునుపును చూసి మార్కులు వేస్తే దుకాణంలో కొన్నదే గెలుస్తుంది. 'బహుశా' అని రాసి, ఎందుకు రాసిందో చెప్పగలిగిన పిల్లకు మార్కులు వేస్తే, రేపు వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫోటో చూసినప్పుడు కూడా ఆ పిల్ల అదే ప్రశ్న అడుగుతుంది: ఇది ఎప్పటిది, ఎవరు చెప్పారు?