ఏ గల్లీ ప్రమాదం? ఎవరికి ప్రమాదం?

“ఆ ఏరియా రఫ్. చీకటి పడకముందే పని ముగించుకోండి. ఒంటరిగా వెళ్ళొద్దు. మెడలో గొలుసు, చేతికి ఖరీదైన వాచీ వద్దు. బండిని తిరిగొచ్చే వైపుకి తిప్పి పెట్టుకోండి.”

ఏజెన్సీవాళ్ళు నా చేతికిచ్చిన కాగితంలోని మాటలివి. పైన పేట పేరుంది. యాకుత్‌పురా. నేను పుట్టి పెరిగిన పేట. రంజాన్ నెలలో మా అమ్మీ అర్ధరాత్రి దాటాక కూడా గిన్నె పట్టుకుని పక్క గల్లీలో ఖాలా ఇంటికి వెళ్ళొచ్చే పేట. మా ఇంటికి నేనే భయపడుతూ వెళ్ళాలట!

ఆ పని పేరు మిస్టరీ షాపింగ్. కంపెనీలు మామూలు గిరాకీ వేషంలో ఒక మనిషిని తమ దుకాణానికో, పెట్రోలు బంకుకో, బ్యాంకు శాఖకో పంపుతాయి. గుమాస్తా మర్యాదగా మాట్లాడాడా, బిల్లిచ్చాడా, ఎంతసేపు నిలబెట్టాడు, అన్నీ గుర్తు పెట్టుకుని బయటికొచ్చి ఫారం నింపాలి. తానెవరో చెప్పకూడదు. హజ్రత్ ఉమర్ రాత్రిపూట మదీనా వీధుల్లో తిరిగి జనం ఆకలి తెలుసుకునేవాడని మా పెద్దలు చెప్తారు. ఆయన తిరిగొచ్చి పిండిమూట వీపున మోశాడు. ఈ మారువేషం మోసుకెళ్ళేది ఫారం మాత్రమే.

జాగ్రత్తలు వద్దని నేననడం లేదు. తెలియని చోటికి పగలే వెళ్ళాలి. ఎక్కడున్నదీ ఇంట్లో ఒకరికి తెలిసుండాలి. చేతిలో కావలసినంత డబ్బే ఉండాలి. ఎవరైనా నిలదీస్తే వాదన పెట్టుకోకుండా బయటపడాలి. ఒక ఫారం కంటే ప్రాణం ఎక్కువ. ఇవి ఏ పేటకైనా వర్తించే మాటలు. మరి మా పేట పేరు పైన మాత్రమే ఎందుకు రాస్తారు?

మా దగ్గర ప్రమాదమే లేదని బుకాయించను. 2018 మేలో చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళన్న పుకారు నమ్మి గుంపు ఒక హిజ్రాని కొట్టి చంపింది. పొట్టకూటికి వచ్చిన మనిషి ఆమె. ఆ నెత్తురు మా గల్లీల మీద ఉంది. దాన్ని కడుక్కోవాల్సింది మేమే. అయితే అదే ఏడాది జూలైలో బీదర్ జిల్లా ముర్కీ దగ్గర ఏం జరిగింది? పిల్లలకి చాక్లెట్లిచ్చిన పాపానికి హైదరాబాద్ ముస్లిం ఇంజనీరుని అదే పుకారుతో గుంపు చంపేసింది. అక్కడా పరాయివాడన్న అనుమానమే. ఆ ఊరి పేరు మీద ‘రఫ్’ అని ఏ ఏజెన్సీ ముద్ర వేసింది?

2020 జనవరిలో పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో పౌరసత్వ లెక్కలు తీస్తోందన్న అనుమానంతో ఒక యువతి ఇంటిని తగలబెట్టారు. ఆమె కూడా ముస్లిమే. కాగితం పట్టుకుని ప్రశ్నలడిగే మనిషిని చూస్తే వణికే స్థితికి మా జనాన్ని తెచ్చిందెవరు? 2019 డిసెంబరు చట్టం తర్వాత ప్రతి ఫారమూ మాకు నోటీసులాగే కనబడింది. కానీ భయపడినవాడు నిప్పు పెడితే ఆ నిప్పు మన పిల్ల మీదే పడుతుంది. ఈ మాట నా వాళ్ళకి నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

ఇప్పుడు నా భయం చెప్తాను. నగరం అవతలి కొసన ఒక షోరూంలో ధరలు రాసుకుంటుంటే వాచ్‌మన్ వచ్చాడు. పేరడిగాడు. చెప్పాను. ఎక్కడుంటావన్నాడు. చెప్పాను. జేబులు తీసి చూపించమన్నాడు. అదే పని మీద నాతో వచ్చిన మిత్రుడు, హిందూ పేరున్నవాడు, పక్క వరసలో నిలబడి రాసుకుంటూనే ఉన్నాడు. అతణ్ణి ఎవరూ పలకరించలేదు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయిందీ మావాళ్ళే, అనుమానంతో పట్టుకుపోయిందీ మా కుర్రాళ్ళనే. తర్వాత కోర్టు నిర్దోషులంది. పోయిన ఏళ్ళు ఎవరిచ్చారు? ఆ రోజులు చూసినవాడికి ‘జేబులు చూపించు’ అన్న మాట ఎలా వినిపిస్తుందో ఏజెన్సీకి తెలుసా? నా జేబులో వాళ్ళిచ్చిన అధికార పత్రం కూడా లేదు. మారుపేరు, రహస్యపు రాత, అబద్ధపు చిరునామా. ఇదే పని నా మిత్రుడు చేస్తే ఉద్యోగం, నేను చేస్తే కుట్ర.

పేటకి ముద్ర వేయడం కొత్త విద్యేమీ కాదు. 1930లలో అమెరికాలో నల్లవాళ్ళుండే పేటల్ని పటాల్లో ఎర్రరంగుతో గుర్తించి ఇంటి అప్పులకి పనికిరావన్నారు. మన దగ్గర? 2006లో సచార్ కమిటీ రాసింది, కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్ని ‘నెగటివ్’ మండలాలుగా పక్కన పెట్టాయని. అప్పివ్వరు. అప్పు లేక దుకాణం పెరగదు. దుకాణం పెరగక కుర్రాడు చబూత్రా మీద కూర్చుంటాడు. కూర్చున్నాడు కాబట్టి ‘రఫ్ ఏరియా’. మీరే గొయ్యి తవ్వి, అందులో పడ్డవాడి నడక బాగోలేదంటారా?

సెక్యులర్ మిత్రులారా, మారువేషం మీద అంత మోజుంటే దాన్ని ఇటు తిప్పండి. అమెరికాలో 1977లో నలభై మహానగర ప్రాంతాల్లో ఒక నల్లవాణ్ణీ ఒక తెల్లవాణ్ణీ విడివిడిగా ఇంటి కోసం పంపి వివక్షని లెక్కగట్టారు. అలా వెళ్ళి అబద్ధపు జవాబు విన్న నల్లజాతి స్త్రీకి దావా వేసే హక్కుందని 1982లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన దేశంలోనూ సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్వెల్ ఉద్యోగ ప్రకటనలకి ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. దళిత, ముస్లిం పేర్లకి పిలుపులు తగ్గాయని 2007లో బయటపెట్టారు. ఈ పని హైదరాబాదులో ప్రతి బ్యాంకు కిటికీ దగ్గరా, ప్రతి ‘టూలెట్’ బోర్డు కిందా జరగాలి. ‘సాయిబులకి ఇవ్వం’ అన్న మాట ఎన్ని గుమ్మాల్లో వినబడుతుందో ఫారంలో నింపాలి.

ఏజెన్సీలకీ ఒక మాట. పంపేటప్పుడు పేరు రాసిన అధికార పత్రమివ్వండి. పిలిస్తే పలికే ఫోను నంబరివ్వండి. దెబ్బ తగిలితే ఖర్చు మీరు భరించండి. అనుమానం వస్తే పని వదిలేసి వచ్చినా కూలి ఇవ్వండి. ప్రమాదం పేటకి అంటుకుని ఉండదు. పంపిన మనిషి పేరు ఏది, వెళ్ళిన చోట ఆ పేరుని ఎలా చూస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ లెక్క లేని జాగ్రత్తలు నన్ను కాపాడవు.

ఆ రోజు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని యాకుత్‌పురా వెళ్ళాను. పని అయ్యేసరికి చీకటి పడింది. బండిని ఏ వైపుకీ తిప్పి పెట్టలేదు. అది మా ఇంటి ముందే ఉంది.