బిల్లులు కమిటీకి పంపరాదా?



తమిళనాడు శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిన మంత్రికి మూడు దారులున్నవి: వెంటనే చర్చకు తేవచ్చును, సెలెక్టు కమిటీకి అప్పగించవచ్చును, ప్రజాభిప్రాయానికి పంపవచ్చును. తరచు మొదటి దారే పడుతున్నారు. 1986లో శాసనమండలి రద్దయినందున మరొకమారు చూచే సభయు లేదు.

2006 నాటి తమిళ విద్యా చట్టము ఆ ఏటి ఒకటవ తరగతితోనే ఆరంభమైనది. మా అబ్బాయి నాడు ఆ తరగతివాడే. తమిళమంటే మాకు ద్వేషం లేదు. హోసూరు సంతలో బేరమాడేది ఆ భాషలోనే గదా! కాని పదవ తరగతిలో వాడి తెలుగు పేపరు ఏమగునో నాడు ఎవరినడగవలసియుండెను? కమిటీ పిలిచియుంటే సొంత ఖర్చుతో చెన్నపట్నం పోయి చెప్పుకొనేవాడను.

భాషల బిల్లులనైనా కమిటీకి పంపవలెనని మా ప్రాంతపు శాసనసభ్యులు పట్టుపట్టరాదా?

— ఒక తండ్రి, హోసూరు