సెలక్ట్ అయ్యాక ఆగిపోతే...

ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. పెద్దమ్మకీ, మేనమామకీ ఫోన్లు వెళ్లాయి. వీధిలో అందరికీ తెలిసిపోయింది. ఇక జాయినింగ్ డేట్ ఒక్కటే రావాలి. నెల గడిచింది, మూడు నెలలు గడిచాయి. ఒకరోజు నాలుగు లైన్ల మెయిల్ వచ్చింది: ప్రస్తుత పరిస్థితుల్లో మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం.

ఈ పేజీ చదువుతున్న మీలో కొందరికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. ఇంకొందరు అసలు ఆఫరే రాక, ఏ మూడో రౌండ్‌లోనో ఆగిపోయి ఉంటారు. ఈ రెండు దెబ్బలూ పద్నాలుగేళ్లు నిండకముందే తిన్న ఒక అమ్మాయి గురించి ఇవాళ చెబుతాను. ఆమె ఉద్యోగం కోసం వెతికిన మనిషి కాదు. ఆర్మీనియా దేశపు గాయని. పేరు మలెనా.

ముందు ఆ పోటీ ఏంటో చూద్దాం

యూరోవిజన్ పాటల పోటీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. దానికి పిల్లల పోటీ ఒకటి ఉంది, జూనియర్ యూరోవిజన్. 2003లో కోపెన్‌హాగన్‌లో మొదలైంది. ఒక్కో దేశం నుంచి ఒక్కో పాట. మూడు నిమిషాలు దాటకూడదు. పాట ఎక్కువ భాగం ఆ దేశ భాషలోనే ఉండాలి. పాడేవాళ్ల వయసు 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఉండాలి. ఈ వయసు నిబంధన గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పిల్లల్ని ఎంచేది ఆయా దేశాల టీవీ సంస్థలు. ఎలా ఎంచాలన్నది వాళ్లిష్టం. పోలండ్ 2019లో టీవీ షో పెట్టి, పిల్లల చేత పాడించి, గెలిచినవాళ్లని పంపింది. అంతకుముందు ఏడాది అదే పోలండ్ షో ఏమీ లేకుండా ఒక అమ్మాయిని నేరుగా ఎంచుకుంది. ఐర్లండ్‌లో ఐరిష్ భాషా చానల్ ఈ పని చేస్తుంది కాబట్టి అక్కడి పిల్లలు ఐరిష్‌లో పాడాలి. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలకి ఇదొక అదనపు పరీక్షే. అంటే పోటీ ఒకటే అయినా, దాని గుమ్మం దాకా వెళ్లే దారి ప్రతి దేశంలోనూ వేరు. మన క్యాంపస్ డ్రైవ్, ఆఫ్ క్యాంపస్, రిఫరల్ లాగే అన్నమాట.

'పాడుతా తీయగా' చూస్తూ పెరిగిన మనకి ఒక నమ్మకం బలంగా ఉంటుంది: బాగా పాడినవాళ్లే గెలుస్తారు, గెలవలేదంటే బాగా పాడలేదని. ఇంటర్వ్యూల విషయంలోనూ ఇదే నమ్మకం. రిజెక్ట్ అయితే మనలో సరుకు లేదనుకుంటాం. ఆ పోటీ చరిత్ర చూస్తే లెక్క అంత సూటిగా ఉండదని తెలుస్తుంది.

రెండు తూకాలు

2018లో పోటీ మిన్స్క్‌లో జరిగింది. మార్కుల్లో సగం దేశదేశాల జ్యూరీలవి, సగం ఆన్‌లైన్‌లో జనం వేసే ఓట్లవి. జ్యూరీలు అందరికంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చింది ఆస్ట్రేలియా అమ్మాయికి, 148. పోలండ్ నుంచి వచ్చిన రోక్సానాకి జ్యూరీలు ఇచ్చింది 79 మాత్రమే. కానీ జనం ఓట్లలో పోలండ్‌కి 136 వస్తే, ఆస్ట్రేలియాకి 53 వచ్చాయి. మొత్తం కలిపితే పోలండ్ 215, ఆస్ట్రేలియా 201. జ్యూరీలు నెత్తిన పెట్టుకున్న పాట మూడో స్థానంలో ఆగింది.

ఇందులో ఎవరు తప్పు? ఎవరూ కాదు. ఒకే పాటని రెండు తూకాల్లో వేశారు, రెండు బరువులు చూపించాయి. టెక్నికల్ ప్యానెల్‌కి నచ్చి హెచ్‌ఆర్ రౌండ్‌లో పోయినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. కోడింగ్ టెస్ట్ ఒక తూకం, గ్రూప్ డిస్కషన్ ఇంకో తూకం. ఒకదాంట్లో తేలిపోతే మనిషే తేలిక అని కాదు. ఆ రోజు ఏ తూకంలో వేశారో తెలుసుకోకుండా మన బరువు మనమే తక్కువగా రాసుకోవడం మాత్రం మన తప్పే.

మూడు ప్రయత్నాలు

ఇప్పుడు మలెనా దగ్గరికి వద్దాం. 2018లో ఆర్మీనియా జాతీయ ఎంపిక పోటీలో ఆమె పాడింది. అప్పటికి వయసు పదకొండు. గెలవలేదు. ఆ ఏడాది లెవోన్ అనే అబ్బాయి ఎంపికై మిన్స్క్ వెళ్లాడు, తొమ్మిదో స్థానం తెచ్చుకున్నాడు.

2020లో మళ్లీ వచ్చింది. ఈసారి ఆర్మీనియా ఆమెనే ఎంచుకుంది. పాట పేరు 'వై', అంటే 'ఎందుకు'. కొవిడ్ వల్ల ఆ ఏడాది పిల్లలెవరూ ప్రయాణం చేయనక్కర్లేదు, ఎవరి దేశంలో వాళ్లు పాడి రికార్డు చేసి పంపితే వార్సా నుంచి ప్రసారం చేస్తారు. అంతా సిద్ధం. ఇంతలో సెప్టెంబరు 27న నగోర్నో కరాబాఖ్‌లో యుద్ధం మొదలైంది. నలభై నాలుగు రోజులు సాగింది. నవంబరు మొదట్లో, పోటీకి ఇంకా నాలుగు వారాలైనా లేని సమయంలో ఆర్మీనియా తప్పుకుంది. యుద్ధంలో ఉన్న దేశం పాటల పోటీ గురించి ఆలోచించలేకపోవడం సహజమే. కానీ ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. పరీక్ష పాసైంది, పేరు ప్రకటించారు, పాట ఉంది. స్టేజీయే లేదు.

ఇక్కడే వయసు నిబంధన గుర్తుచేసుకోండి. మలెనా 2007 ఫిబ్రవరిలో పుట్టింది. 2021 పోటీ నాటికి ఆమెకి పద్నాలుగేళ్లు. 2022 వస్తే పదిహేను, ఇక అర్హత లేదు. మిగిలింది ఒక్క ఛాన్స్. ఫ్రెషర్ డ్రైవ్‌లలో ఫలానా సంవత్సరం పాసైనవాళ్లు మాత్రమే అని రాస్తారు చూడండి, ఒక ఏడాది చేజారితే మన బ్యాచ్ పాతదైపోతుంది. ఆ గుబులు మీకు తెలిసిందే.

2021లో ఆర్మీనియా మళ్లీ ఆమెనే పంపింది. డిసెంబరు 19న పారిస్‌లో పోటీ. పంతొమ్మిది దేశాలు. మలెనా 224 పాయింట్లతో గెలిచింది. రెండో స్థానం పోలండ్‌కి చెందిన సారా జేమ్స్‌ది, 218. తేడా ఆరు పాయింట్లు. ఆర్మీనియాకి అది రెండో విజయం, 2010 తర్వాత మళ్లీ అప్పుడే. మరుసటి ఏడాది పోటీ యెరెవాన్‌కి వచ్చింది.

పాత పాటతో రాలేదు

ఇంతవరకూ విని, పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు అని నేను ముగిస్తానని మీరు అనుకుని ఉంటారు. అలా ముగించను. ఎందుకంటే అది పూర్తి నిజం కాదు. పట్టుదల ఉండి కూడా వయసు దాటిపోయిన పిల్లలు ప్రతి దేశంలోనూ ఉంటారు. వాళ్ల పేర్లు మనదాకా రావు. మలెనాకి కూడా యుద్ధం ఆగింది, దేశం మళ్లీ పోటీకి వచ్చింది, టీవీ సంస్థ ఆమెను మర్చిపోలేదు. వీటిలో ఏదీ ఆమె చేతిలో ఉన్నది కాదు.

నాకు ఈ కథలో నచ్చింది వేరే విషయం. 2021లో ఆమె 'వై' పట్టుకుని రాలేదు. అది ఎంపికైన పాట, జనం ముందు పోటీలో పాడని పాట. నాకు రావాల్సిన స్టేజీ ఇప్పుడివ్వండి అని అదే పాట అడిగి ఉంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ 'కామి కామి' అనే కొత్త పాటతో వచ్చింది. కామి అంటే ఆర్మీనియన్‌లో గాలి. అదే మనిషి, అదే పోటీ. పాట మాత్రం ఏడాది కొత్తది.

నా సంగతి కొంచెం

పైన రాసిన నాలుగు లైన్ల మెయిల్ నాకు వచ్చిందే. 2020లో బీటెక్ అయిపోయింది. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ సెప్టెంబరులో రద్దయింది. తర్వాత నాలుగు నెలలు నేను చేసిన పని ఒక్కటే: అదే రెజ్యుమె, అదే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, పైన కంపెనీ పేరు మార్చి పంపడం. ఇంటర్వ్యూ వస్తే ముందు ఆ రద్దయిన ఆఫర్ గురించే చెప్పేవాణ్ని. నేను ఒకసారి సెలక్ట్ అయినవాణ్ని కదా అని నిరూపించుకోవాలనే తాపత్రయం. ఎదురుగా కూర్చున్నవాళ్లకి దానితో పనేముంది? ఒక ఇంటర్వ్యూలో ఆయన చాలా మర్యాదగానే అడిగాడు: "సరే తమ్ముడూ, ఆ తర్వాత ఏం చేశావు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నతోనే బ్లాగు మొదలుపెట్టాను. రోజూ నేర్చుకునేటప్పుడు వచ్చే ఎర్రర్లు, వాటిని ఎలా సరిచేశానో రాసుకునేవాణ్ని. గొప్ప పనేం కాదు. కానీ తర్వాతి ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్నకి చూపించడానికి ఒక లింకు ఉంది. ఉద్యోగం 2021లో వచ్చింది. బ్లాగు వల్లే వచ్చిందని చెప్పను, అదృష్టం కూడా ఉంది. కానీ ఆ నాలుగు నెలలు పాత పాటే పాడానని మాత్రం ఇప్పుడు తెలుస్తోంది.

మరి మీరేం చేయాలి?

ఆఫర్ వచ్చినా జాయిన్ అయ్యేదాకా ఇంటర్వ్యూలు ఆపకండి. జాయినింగ్ తేదీ గురించి ఫోన్‌లో అడిగినా, ఒక మెయిల్ కూడా పెట్టండి. జవాబు రాతలో ఉండాలి. వాయిదా పడితే మీ కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకి వెంటనే చెప్పండి. మీరొక్కరే కాకపోవచ్చు. మీరు ఏ డ్రైవ్‌కి ఏ సంవత్సరం దాకా అర్హులో ఒక కాగితం మీద రాసుకోండి. గడువు దగ్గరున్నవాటికి ముందు అప్లై చేయండి.

రిజెక్ట్ అయితే ఏ రౌండ్‌లో అయ్యారో రాసుకోండి. మూడుసార్లు ఒకే రౌండ్‌లో ఆగితే ఆ తూకానికి తగ్గ సాధన చేయాలి. మూడుసార్లు మూడు వేర్వేరు చోట్ల ఆగితే కంగారు పడక్కర్లేదు. ఇక మళ్లీ అదే కంపెనీ తలుపు తట్టేటప్పుడు, పోయినసారి లేనిది ఈసారి ఏముందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అప్లై చేసే ముందు ఆ వాక్యాన్ని సంపాదించుకోండి.

చివరగా ఒక మాట. ఆరు పాయింట్ల తేడాతో రెండోస్థానంలో ఆగిన సారా జేమ్స్ 2022లో 'అమెరికాస్ గాట్ టాలెంట్'లో పాడింది. సైమన్ కోవెల్ గోల్డెన్ బజర్ నొక్కాడు, ఫైనల్ దాకా వెళ్లింది. పారిస్‌లో ఆమె ఓడిపోయిన మాట నిజమే. కానీ అది పారిస్‌లో, ఆ ఒక్క రాత్రికి. మీకు వచ్చిన ఆ నాలుగు లైన్ల మెయిల్ కూడా ఆ కంపెనీది, ఆ రోజుది. దాన్ని ఒక ఫోల్డర్‌లో పెట్టి, రేపు ఉదయం కొత్త పాట మొదలుపెట్టండి.