సంచుల కాపలా ఎవరిది?

ముంబయిలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే సుమారు గంటలో ఎలిఫెంటా దీవి. 120 మెట్లెక్కి, గుహలో 20 అడుగుల మూడు ముఖాల శివుణ్ణి చూసి, ‘అమ్మయ్య’ అనుకుని తిరిగొచ్చేస్తారు చాలామంది. ఆపైన ఇంకా కొండ ఉంది. చెట్ల మధ్య బాట, కొండమీద పాత ఫిరంగులు, కింద సముద్రం. అక్కడికి పిల్లలు పరిగెడతారు, వాళ్ళ వెనకాల నాన్న. అమ్మ మాత్రం చెట్టుకింద సంచులకి కాపలా! కోతులున్నాయి, నిజమే. అయితే ఈసారి ఆ సంచులు ఆయన్ని చూడమనండి. జరీచీర, హైహీల్స్ ఇంట్లో వదిలేసి, బూట్లేసుకుని, మంచినీళ్ళ సీసా పట్టుకుని ఎక్కండి. మోకాళ్ళ నొప్పులా? తడిబట్టల బకెట్టు మేడమీదికి రోజూ మోసేది ఈ మోకాళ్ళు కావూ? అన్నట్టు, సోమవారం గుహలు మూసేస్తారు. మరో రోజు చూసుకోండి.