డెమో రాత్రి డెస్కులో పెట్టండి
వార్తాపత్రిక సాఫ్ట్‌వేర్‌ను డెస్కు పక్కన కూర్చునే రాయాలి. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 2003లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే స్థానిక పత్రికలో మొదలైంది. అక్కడి ప్రోగ్రామర్లు ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ పత్రిక గడువుల ఒత్తిడిలోనే దాన్ని రాశారు. అందుకే ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా వార్త ఎక్కించి దిద్దుకునే అడ్మిన్ పేజీ అందులో అంత బాగా కుదిరింది. మన తెలుగు డెస్కుల సంగతి చూడండి. మండల కంట్రిబ్యూటర్ వాట్సాప్‌లో యూనికోడ్‌లో వార్త పంపుతాడు. చాలాచోట్ల పేజీ మాత్రం యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో ఉంటుంది. మార్చేటప్పుడు ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది, ఇంకెక్కడో గుడి తారుమారవుతుంది. ఎడిషన్ వదిలే వేళ సబ్ ఎడిటర్ అక్షరమక్షరం వెతుక్కోవాలి. పేజీలో దిద్దిన తప్పు వెబ్‌సైట్‌లో అలాగే ఉండిపోతుంది, రెండూ వేర్వేరు కాపీలు కాబట్టి. మృతుడి పేరు తప్పు పడితే మర్నాడు ఆ ఇంటివాళ్ల ఫోను ఎత్తాల్సింది డెస్కువాళ్లే. అందుకే సాఫ్ట్‌వేర్‌లో వార్త ఒక్కచోటే ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో కనబడాలి, పాత రూపం వెంటనే వెనక్కి రావాలి. రంగురంగుల డ్యాష్‌బోర్డులు తర్వాత చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కొనే ముందు యాజమాన్యాలు డెమోను పగటిపూట సమావేశ మందిరంలో కాకుండా, రాత్రి పదకొండింటికి జిల్లా డెస్కులో పెట్టించాలి.