గులాబి చుక్క చెప్పే రహస్యం

పిల్లలూ, హైదరాబాదు చూసినవారికి అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు గుర్తుండే ఉంటాయి. అక్కడి పాత ఆస్పత్రి 1908లో మూసీ వరదకు పాడైపోయింది. ఇప్పుడు కనిపించే గుమ్మటాల భవనం 1925 నాటికి పూర్తయింది. ఇటువంటి పెద్ద ఆస్పత్రులలో సూక్ష్మజీవులను గుర్తుపట్టే గది ఒకటి ఉంటుంది. రండి, అందులోకి తొంగిచూద్దాం.

ఒక కుర్రవాడికి వారం రోజులుగా జ్వరం అనుకోండి. టైఫాయిడేమోనని డాక్టరుకు అనుమానం. అతని రక్తం తీసి, సూక్ష్మజీవులు పెరిగే ద్రవంలో కలిపారు. అందులో పెరిగినవాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న కడ్డీల లాగా ఉన్నవి. టైఫాయిడు క్రిమి అలాగే ఉంటుంది. కాని మన పేగులలో కాపురముండే ఈకోలై కూడా అచ్చం అలాగే ఉంటుంది! మరి ఎవరు ఎవరో తెలిసేదెలా?

ఇందుకొక ఉపాయాన్ని 1900 ప్రాంతంలో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ అనే ఆయన కనిపెట్టాడు. సముద్రపు నాచు నుంచి తీసిన అగర్‌తో జున్నులాంటి ముద్ద చేసి, పళ్ళెంలో పోస్తారు. అందులో పాలచక్కెర అయిన లాక్టోసు, పులుపు తగిలితే ఎర్రబడే రంగు కలిపి ఉంటాయి. దానిమీద క్రిములను గీతలుగా రాసి, వెచ్చగా ఒక రాత్రి ఉంచుతారు. ఈకోలై అయితే గులాబి చుక్కలు మొలుస్తాయి. టైఫాయిడు క్రిమి అయితే చుక్కలు మొలుస్తాయి గాని, వాటికి రంగు ఉండదు.

ఎందుచేత? లాక్టోసును కొబ్బరికాయ అనుకోండి. పగలగొడితేనే లోపలి గ్లూకోజు చేతికి వస్తుంది. పగలగొట్టే కత్తి ఒక ఎంజైము. దాని పేరు బీటా గాలక్టోసిడేజ్. ఆ కత్తిని చేసే పద్ధతి ఈకోలై జన్యువులో రాసి ఉన్నది. గ్లూకోజు దొరికాక అది పది మెట్లు దిగుతూ విరుగుతుంది. మెట్టుకొక ఎంజైము, ఆ ఎంజైముకు దాని జన్యువు ఉంటాయి. ఆ దారిలో శక్తినిచ్చే ఏటీపీ పుడుతుంది, చివరికి పులుపు మిగులుతుంది. ఆ పులుపే గులాబి రంగు!

ఈ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరాలలో కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు. మీలోనూ, ఈకోలైలోనూ, టైఫాయిడు క్రిమిలోనూ ఉన్నది ఆ ఏటీపీయే. గ్లూకోజు ఇస్తే టైఫాయిడు క్రిమి కూడా ఆ పది మెట్లూ దిగగలదు. దానికి లేనిదల్లా కత్తి. అందుకని అది లాక్టోసును ముట్టక, పళ్ళెంలోని మాంసకృత్తుల తునకలు తిని బతుకుతుంది. 2001లో టైఫాయిడు క్రిమి జన్యువులన్నిటినీ చదివి చూశారు. ఆ కత్తి జన్యువు అందులో లేనే లేదు.

ఈకోలై మహా పొదుపరి. లాక్టోసు లేనప్పుడు కత్తి చేయటం దాదాపు మానేస్తుంది. గ్లూకోజు, లాక్టోసు రెండూ ఉంటే ముందు గ్లూకోజును ఖర్చుచేస్తుంది. ఇంట్లో కొట్టిన కొబ్బరిచెక్క ఉండగా కొత్త కాయ ఎవరు కొడతారు? జన్యువుకు ఇలా తాళం వేసి తీసే పద్ధతిని పారిస్‌లో జాకబ్, మోనో అనేవారు 1961లో వివరించారు. 1965లో వారికీ, ల్వోఫ్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

రంగు లేనంత మాత్రాన టైఫాయిడే అని తేల్చరు సుమా! లాక్టోసును ముట్టని క్రిములు ఇంకా ఉన్నవి. మరికొన్ని పరీక్షలు చేసి, ఏ మందుకు లొంగుతుందో కూడా చూస్తారు. జ్వరం రాగానే ఎవరో చెప్పారని యాంటీబయాటిక్ మాత్రలు మింగితే, తరవాత తీసిన రక్తంలో క్రిములు మొలవకపోవచ్చు. అప్పుడు డాక్టరుకు చీకట్లో వెతుకులాటే. ఈ మాట మీ అమ్మానాన్నలకు కూడా చెప్పండి.

ఇక మీకొక ప్రశ్న. పాలలో వేసే తోడులోని క్రిములకు లాక్టోసును విరిచే కత్తి ఉన్నదా, లేదా? రేపు పొద్దున పెరుగు రుచి చూసి మీరే చెప్పండి!