మూడేళ్లు ఎవరు పోషిస్తారు?

ఉచిత న్యాయ సహాయం మీద ప్రశ్న వస్తే మీరేం రాస్తారో నాకు తెలుసు. 1976లో 42వ సవరణ, 39ఎ అధికరణ, 1987 చట్టం, నల్సా, 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం. చివర ‘ప్రజలకూ కోర్టుకూ మధ్య వారధి’ అని ఒక ముక్క. మార్కులు పడతాయి. ఆ వారధిగా పనిచేసే మనిషి నెల ఎలా గడుస్తుందో మాత్రం మన నోట్సులో ఉండదు.

జీతం ఉండదు. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం, అంతే. పైగా ఆ పథకం ప్రకారం లా విద్యార్థిని తీసుకునేది న్యాయవాదిగా ఎన్‌రోల్ అయ్యేవరకే. అంటే చదువు పూర్తయి ఎన్‌రోల్ అయ్యాక ఆ చిన్న ఆధారం కూడా పోతుంది.

బిలాస్‌పూర్ చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్న ఊరు. 2000లో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు వచ్చింది, 2003లో రైల్వే జోన్ కేంద్రమైంది. ఈ రెండూ ఉన్న ఊళ్లో ఎల్‌ఎల్‌బీ చదివిన పిల్లకు పని దొరకదా అని ట్రాక్ మీద పనిచేసిన తండ్రి అనుకోవడంలో తప్పేముంది? పని దొరుకుతుంది కూడా. పిటిషన్ టైపు చేయాలి, హిందీ రికార్డును ఇంగ్లిష్‌లోకి మార్చాలి, ఫైలింగ్‌లో లోపాలు సరిచేయాలి, వాయిదాలు రాసుకోవాలి. మరోచోట పారాలీగల్ అని పేరు పెట్టి జీతమిచ్చే పనే ఇది. మన దగ్గర దాన్ని ‘నేర్చుకోవడం’ అంటారు. జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. సిఫార్సు మాత్రమే, తప్పనిసరి కాదు.

సరే, కంపెనీలో జీతానికి చేరదామంటే బార్ కౌన్సిల్ 49వ నిబంధన అడ్డం. ప్రాక్టీసు చేస్తూ పూర్తికాల జీతగాడిగా ఉండకూడదు. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేశాక ఈ నిబంధన ఉరితాడైంది. జీతం తీసుకున్న ఏడాది లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చే ఏడాదికి జీతం రాదు. ఇక అనుభవానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సింది ఎవరు? జిల్లా ప్రధాన న్యాయాధికారి, లేదా ఆయన ధ్రువీకరణతో పదేళ్ల అనుభవమున్న న్యాయవాది. డబ్బులివ్వని సీనియర్ దగ్గరికే సంతకానికి వెళ్లాలన్నమాట. అలాంటప్పుడు ఏ జూనియర్ జీతం అడుగుతుంది?

కోర్టు హాలు చూడని వాళ్లు నేరుగా జడ్జి కుర్చీలో కూర్చోవడం వల్ల ఇబ్బందులు వచ్చాయని హైకోర్టులు చెప్పాయి. ఆ మాట కాదనను. 1993లో ఇదే షరతు పెట్టారు, 2002లో తీసేశారు, ఇప్పుడు మళ్లీ తెచ్చారు. ఈ చరిత్ర అంతా బట్టీ పట్టిన మనం ఒక్క ప్రశ్న అడగం: ఆ మూడేళ్లు అన్నం ఎవరు పెడతారు? తండ్రి పెన్షన్ మీద ఇంకా ఇద్దరు చదువుకుంటున్న ఇంట్లో ఈ షరతు అనుభవాన్ని కొలవదు, ఇంటి స్తోమతను కొలుస్తుంది.

జీతం తీసుకుంటే న్యాయవాది స్వతంత్రత పోతుందంటారా? 2022 నాటి నల్సా డిఫెన్స్ కౌన్సిల్ పథకంలో పూర్తికాల న్యాయవాదులకు నెలనెలా ప్రతిఫలం ఇస్తూనే నిందితుల తరఫున వాదింపజేస్తున్నారు. కొత్తవాళ్లకు అసిస్టెంట్ స్థానాలూ ఉన్నాయి, కాకపోతే చాలా తక్కువ. జడ్జి దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలాన్నీ ఆ మూడేళ్లలో కలుపుతామని సుప్రీంకోర్టే చెప్పింది. అలాంటప్పుడు జిల్లా న్యాయ సేవా సంస్థ ఫ్రంట్ ఆఫీసులో, జైలు క్లినిక్‌లో ఎన్‌రోల్ అయిన గ్రాడ్యుయేట్‌ను జీతం మీద పెట్టి ఆ కాలాన్ని ఎందుకు కలపకూడదు? బెయిలు దరఖాస్తు రాయించుకోవడానికి ఖైదీ ఉన్నాడు, రాయగల అమ్మాయి ఉంది. లేనిది పోస్టు.

‘వారధి’ అని రాసే ముందు ఈ సంగతి ఒక వాక్యంగా రాయండి. మీలో ఎవరైనా ఈ ఏడాదే లా పూర్తి చేసి ఉంటే ఎన్‌రోల్‌మెంట్ వాయిదా వేయకండి, మూడేళ్ల లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే మొదలవుతుంది. ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. అంతకు మించి అడిగితే 2024 జులై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించండి.